మళ్లీ మహమ్మారి వస్తే పాల బ్యాంకు బయటి తల్లుల పాలు తీసుకోవాలా, ఆపేయాలా?

సీతమ్మధార కుర్రాడు:
మొన్న వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో తల్లిపాల బ్యాంకు మాట వచ్చింది. అదే, తల్లులు దానమిచ్చిన పాలని దాచి, తల్లిపాలు అందని పసిబిడ్డలకి ఇచ్చే చోటు. పై అంతస్తు పిన్నిగారు “కరోనా లాంటిది మళ్లీ వస్తే ఎవరి పాలో పసిగుడ్డుకి పట్టించేస్తారా?” అనేసరికి అందరూ గప్‌చుప్. నేనూ ఆవిడ పక్షమే. జబ్బు ఎలా అంటుతుందో తెలీని మొదటి నెలల్లో, కిలో కూడా తూగని బిడ్డల మీద సాహసం ఎందుకు? మహమ్మారి తగ్గేదాకా బయటి దాతల్ని ఆపేయాలి. ఏమంటారు?

ఎన్‌ఐసీయూ సిస్టర్:
తమ్ముడూ, నేను ఎన్‌ఐసీయూలో, అంటే నెలలు నిండని, జబ్బుపడ్డ పసిబిడ్డల ఐసీయూలో పనిచేస్తా. ఈ భయం కొత్తదేం కాదు. 1980ల్లో హెచ్‌ఐవీ రాగానే అమెరికాలో చాలా పాల బ్యాంకులు మూతపడ్డాయి. మన దేశంలో మాత్రం ముంబై సయన్ ఆసుపత్రిలో 1989లోనే ఒకటి మొదలైంది.

ఎవరి పాలో తెచ్చి నేరుగా పట్టించెయ్యరు. ముందు దాతని వివరాలు అడుగుతారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్‌కి రక్తపరీక్ష చేస్తారు. చేతులు కడిగించి, పంపుతో గానీ చేత్తో గానీ పిండించి, సీసా మీద తేదీ, దాత నంబరు రాసి ఫ్రీజర్లో పెడతారు. తర్వాత కరిగించి 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లార్చి, అందులోంచి కొంచెం కల్చర్‌కి, అంటే సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకి పంపుతారు. రిపోర్టులో సూక్ష్మజీవులు కనిపిస్తే ఆ బ్యాచ్ మొత్తం పారబోయడమే. బాగుంటే మైనస్ 20లో దాస్తారు.

ఇక కరోనా సంగతి. 2020 ఆగస్టులో అమెరికా వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వ్యాధి సోకిన 18 మంది తల్లుల నుంచి 64 నమూనాలు తీస్తే, ఒక్కదాంట్లోనే వైరస్ ఆనవాలు దొరికింది, అదీ బతికున్న వైరస్ కాదు. పాలల్లో వాళ్లే వైరస్ కలిపి ఇదే వేడి పెట్టి చూస్తే అదీ చచ్చిపోయింది.

సీతమ్మధార కుర్రాడు:
ఆగస్టులో తేలింది సిస్టర్. లాక్‌డౌన్ పెట్టింది మార్చి 25న. మధ్యలో అయిదు నెలలు మీ దగ్గర ఏ రుజువు ఉంది?

ఎన్‌ఐసీయూ సిస్టర్:
కరోనా మీద లేదు, నిజమే. కానీ వేడి ఏం చేస్తుందో ముందే తెలుసు కదా. పైగా పాలు ఆపేస్తే ఆ అయిదు నెలలూ నెలలు నిండని బిడ్డకి డబ్బా పాలే దిక్కు. వాటితో పేగులు పాడైపోయే జబ్బు ఎక్కువ వస్తుందని రుజువు ఎప్పట్నించో ఉంది. ఒక భయం లెక్కలో రాసి, రెండోది వదిలేస్తే ఎలా?

గాజువాక నాన్న:
మీరిద్దరూ దాతల గురించే కొట్టుకుంటన్నారు. కన్నతల్లి పాలు మాటేటి? 2020లో మా ఆవిడికి కాన్పుకి ముందు పాజిటివ్ వొచ్చింది. పాప ఏడో నెల్లోనే పుట్టీసింది. ఆసుపత్రి పేరు చెప్పను. బిడ్డని ఒక ఫ్లోర్లో, తల్లిని ఇంకో ఫ్లోర్లో పెట్టీసారు. మా ఆవిడ గిన్నెలోకి పిండి, మూత పెట్టి పంపితే, మెట్ల కాడే ఆపీసి సింకులో పారబోసీమన్నారు. ఆ పాలే ఉగ్గుగిన్నెతో పట్టించుంటే ఎవరి దగ్గరా చెయ్యి చాపక్కర్లేదు.

ఎన్‌ఐసీయూ సిస్టర్:
అన్నయ్యా, మీ మాటే అసలు మాట. పాజిటివ్ వచ్చినా మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. బిడ్డని విడదీసిన చోట బ్యాంకు పాల అవసరం పెరుగుతుంది. లాక్‌డౌన్‌లో దాతలేమో ఇల్లు కదల్లేకపోయారు. ఫ్రీజర్ ఖాళీ అయ్యేది అందుకు. పాలు చెడ్డవయ్యి కాదు.

ఎంవీపీ రెండో అమ్మ:
ఆపేస్తే ఆగుతుందా అండీ? బ్యాంకు తలుపు వేసిన మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో మొదలవుతుంది, “మా చెల్లికి పాలు రాలేదు, ఎవరైనా ఇస్తారా” అని. అక్కడ రక్తపరీక్షా లేదు, వేడీ లేదు. డబ్బిచ్చి కొనడానికీ వెనకాడరు. తల్లిపాల అమ్మకం కుదరదని ఆహార భద్రతా సంస్థ 2024 మేలో గట్టిగా చెప్పింది కూడా.

సీతమ్మధార కుర్రాడు:
సరే, నా ప్రశ్న కొంచెం మారుస్తా. ఎంవీపీ నుంచి, భీమిలి నుంచి సీసాలు మోయించడం ఆపి, వార్డులో ఉన్న బాలింతల పాలతోనే నడపొచ్చుగా?

ఎన్‌ఐసీయూ సిస్టర్:
మామూలు కాన్పైతే తల్లికి పాలు బాగా పడేది మూడో రోజు. మహమ్మారి రోజుల్లో మంచాలు ఖాళీ చెయ్యాలని ఆ లోపే ఇంటికి పంపేస్తారు. మిగిలేది ఎన్‌ఐసీయూ బిడ్డల తల్లులే. వాళ్లు వారాల తరబడి ఉంటారు. కిలో బిడ్డ తొలి రోజుల్లో తాగేది రెండు గంటలకోసారి ఒకటి రెండు మిల్లీలీటర్లు. పాలు పడ్డ తల్లికి అంతకు ఎన్నో రెట్లు వస్తాయి. ఒక్క తల్లి దగ్గర మిగిలిన వంద మిల్లీలీటర్లతో ఇంకో బిడ్డ కొన్ని రోజులు గడుపుతుంది. కాబట్టి మీ ఆలోచన సగం పనికొస్తుంది. కానీ ఆ తల్లుల్ని గేటు బయట నిలబెడితే అదీ లేదు. వాళ్లకి పడుకోడానికి మంచం, వేళకి అన్నం, పిండుకోడానికి చాటు గది ఉండాలి. నన్నడిగితే పంపులు కొనే డబ్బు ముందు దానికి ఖర్చు పెట్టాలి.

పెదవాల్తేరు తాతయ్య:
ఫ్రీజర్ ఫ్రీజర్ అంటున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఎన్ని రోజులు కరెంటు లేదో మర్చిపోయారా? మహమ్మారిలో తుపాను రాదని రాసిచ్చారా ఎవరైనా? జనరేటరు, దానికి డీజిలు ఎవరి పద్దులో వేస్తారో ముందు తేల్చండి.

సీతమ్మధార కుర్రాడు:
తాతగారూ, అది వేరే చర్చ. సిస్టర్, నేను ఇప్పటికీ అనేది ఒకటే. కొత్త జబ్బు వచ్చిన మొదటి నెల బయటి పాలు వద్దు. ఎన్‌ఐసీయూ తల్లులవి చాలు.

ఎన్‌ఐసీయూ సిస్టర్:
ఆ నెలలో కవలలు పుడితే? తల్లి ఐసీయూలో ఉంటే? నేను ఒప్పుకోను తమ్ముడూ. జ్వరం, దగ్గు, ఇంట్లో రోగి ఉన్నారా అని అదనంగా నాలుగు ప్రశ్నలు అడగండి, సీసా పైన తుడవండి, ఇంటి గుమ్మం దగ్గరే తీసుకోండి. తలుపు మాత్రం వెయ్యొద్దు.

గాజువాక నాన్న:
తలుపు తియ్యండి, ముయ్యండి, మీ ఇష్టం. పాజిటివ్ తల్లి పిండిన పాలు పారబొయ్యకూడదని కాయితం మీద రాసి, ఆ మెట్ల కాడ అంటించమనండి ముందు.