అప్‌డేట్: అద్దె ఒప్పందంలో ఈ-సంతకం, నాన్న వీలునామా

పోయిన నెల అడిగింది నేనే: నేను బెంగళూరులో, ఫ్లాట్ హైదరాబాద్‌లో, అద్దెకొచ్చినాయన సంతకం ఫోటో అతికించి పీడీఎఫ్ పంపాడు, చెల్లుతుందా అని.

లాయరు గారిని కలిశాం. ఎలక్ట్రానిక్‌గా కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టేయడానికి లేదట (సమాచార సాంకేతిక చట్టం, అంటే ఐటీ చట్టం, సెక్షన్ 10ఎ). కానీ రేపు ఆయన "అది నేను పెట్టలేదు" అంటే రుజువు చేసుకోవాల్సింది నేనే.

అందుకే ఇద్దరం ఆధార్ ఈసైన్‌తో (ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్లో పెట్టే సంతకం) మళ్లీ చేశాం. ఓటీపీ కొట్టగానే అప్పటికప్పుడు ఆ సంతకం ఫలానా వారిదని చెప్పే ఒక డిజిటల్ సర్టిఫికెట్ పుడుతుంది. దాని ఆయుష్షు 30 నిమిషాలే, సంతకం మాత్రం నిలుస్తుంది. జీఎస్టీ, కంపెనీ ఫైలింగులకు వాడే యూఎస్‌బీ టోకెన్ (డిజిటల్ సంతకం దాచుకునే పెన్‌డ్రైవ్ లాంటిది) కొనే పని లేదు. పీడీఎఫ్ తెరిస్తే పసుపు ప్రశ్నార్థకం చూసి గుండె జారింది. సీసీఏ (ఇలాంటి సర్టిఫికెట్లిచ్చే సంస్థల్ని నియంత్రించే ప్రభుత్వ విభాగం) రూట్ సర్టిఫికెట్‌ని, అంటే మిగతా వాటికి మూలమైన దాన్ని, పీడీఎఫ్ రీడర్‌లో నమ్మకమైన వాటిలో చేరిస్తే పచ్చ టిక్కు పడింది. ప్రింట్ తీస్తే ఆ టిక్కు ఉత్త బొమ్మే, ఫైలే అసలు. స్టాంపు డ్యూటీ ఎలాగూ తప్పలేదు.

నాన్న వీలునామా మాత్రం ఈసైన్‌తో కుదరదు. ఐటీ చట్టం మొదటి షెడ్యూల్లో మినహాయించిన పత్రాల్లో అదొకటి. 2022లో ఆ జాబితా తగ్గించి, ఆర్‌బీఐ వంటి వాటి నియంత్రణలోని సంస్థలకిచ్చే ప్రోనోట్లకు వీలిచ్చారు. వీలునామా, ట్రస్టు అలాగే ఉన్నాయి. బావకిచ్చిన చేబదులుకు రాయించుకున్న ప్రోనోటూ అంతే, నేను అలాంటి సంస్థను కాదుగా, పాత పద్ధతే! ఆదివారం ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి నాన్న చేత పెన్నుతోనే పెట్టిస్తున్నాం.