అమ్మకి తక్కువ ధరలో ఫోన్, కాంట్రాక్ట్ వద్దు: ఏం చూసి కొనాలి?

ప్రశ్న:
అమ్మ ఫోన్ బ్యాటరీ పూట కూడా నిలవడం లేదు. నెలనెలా బిల్లంటే ఆవిడకి టెన్షన్, ప్రీపెయిడే కావాలంటోంది. వాడేది వీడియో కాల్స్, వాట్సాప్, బ్యాంకు యాప్. ఒక కంపెనీ తన సిమ్‌తో కలిపి చాలా చౌకగా ఫోన్ ఇస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు 1:
అంత చౌక అంటే లాక్ చేసిన ఫోన్ అయ్యుండొచ్చండీ, వేరే సిమ్ వేస్తే పనిచెయ్యదు. నచ్చకపోతే ఇంకో నెట్‌వర్క్‌కి మారిపోవచ్చన్నదే కదా ప్రీపెయిడ్‌లో సుఖం, అదే పోతుంది. నా మాట వింటే అన్‌లాక్ ఫోన్ విడిగా కొనండి. 4జీ అని రాసుంటే చాలదు, మీ నెట్‌వర్క్‌లో వోల్టీఈ (VoLTE, అంటే మామూలు కాల్స్ కూడా 4జీ మీదే వెళ్లే సదుపాయం) పనిచేస్తుందో లేదో కనుక్కోండి. పాత 2జీ, 3జీ ఆపేసిన చోట అది లేకపోతే నెట్ వస్తుంది గానీ మామూలు కాల్ వెళ్లదు. పెద్దవాళ్లకి అదే ముఖ్యం కదా!

జవాబు 2:
బ్యాంకు యాప్ అన్నారు కాబట్టి కెమెరా సంగతి పక్కన పెట్టి, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో చూడండి. 2 జీబీ ర్యామ్ మాత్రం వద్దు. మా నాన్నగారికి 4 జీబీది కొన్నాం, హాయిగా వాడుకుంటున్నారు.

అడిగినవారు:
థాంక్సండీ. అమ్మ సిమ్ వేసి, కాల్ చేసి చూశాకే డబ్బు కడతాను.