మంచు కురిసే చలిలో కుక్కపిల్లకు బయటికెళ్లడం అలవాటు చేసేదెలా?

ప్రశ్న: పది వారాల కుక్కపిల్ల. గుమ్మం దాటగానే వణుకుతూ నిలబడిపోతుంది, లోపలికి రాగానే తివాచీ మీద పోసేస్తుంది. ఏం చేయాలండీ?

జవాబు: తలుపు దగ్గర్లో నేల కనబడేదాకా కాస్త మంచు తీసేయండి. ఎప్పుడూ అదే చోటు. నిద్ర లేవగానే, తిన్న 15 నిమిషాలకు, ఆట అవగానే ఎత్తుకుని తీసుకెళ్లండి. నడిపిస్తే దారిలోనే అయిపోతుంది. 3 నిమిషాలు చూడండి. పోయకపోతే ఇంట్లో వదిలేయకండి, అసలు పొరపాటు అదే. క్రేట్‌లో (కుక్కపిల్లను ఉంచే చిన్న బోనులో) 10 నిమిషాలు ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. పోసిన వెంటనే అక్కడే చిరుతిండి పెట్టండి. లోపలికొచ్చాక పెడితే ఎందుకు పెట్టారో కుక్కపిల్లకు అర్థం కాదు.

జవాబు: తివాచీకి ఎంజైమ్ క్లీనరే (మూత్రం మరకను, వాసనను ఎంజైమ్‌లతో పోగొట్టే ద్రవం) వాడండి. అమ్మోనియా ఉన్నవి వద్దు, ఆ వాసన మూత్రాన్నే గుర్తుచేస్తుంది.

జవాబు: మంచు కరిగించే ఉప్పు పాదాలను మండిస్తుంది. గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల మధ్య తడి తుడవండి. చలికో మంటకో కాలు పైకెత్తి పట్టుకుందంటే వెంటనే లోపలికి తెచ్చేయండి.