డిమ్ చేసిన ఎల్‌ఈడీ పార్ లైట్ల కింద వీడియోలో చారలు, షట్టర్ ఎంత పెట్టాలి?

తిరుపతిలో సొంతంగా ఒక చిన్న సినిమా తీస్తున్నాను, కెమెరా కూడా నేనే. గంగమ్మ జాతరలో మాతంగి వేషం కట్టే మనిషి కథ. తాతయ్యగుంట దగ్గర సందులో రాత్రిపూట తీసిన షాట్లలో ముఖం మీద అడ్డంగా నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. వేషానికి పూసిన రంగు మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

మిర్రర్‌లెస్ కెమెరా, 25 ఫ్రేములు, ఐఎస్‌ఓ 1600. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, సెకన్లలో) 1/50, 1/100, 1/25 అన్నీ చూశాను. 1/50లో ట్యూబ్‌లైట్ కింద శుభ్రంగా వస్తోంది. టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెచ్చిన ఎల్‌ఈడీ పార్ లైట్లతోనే (స్టేజీల మీద పెట్టే గుండ్రటి డబ్బా లైట్లు) ఇబ్బంది. అవి ఫుల్‌లో ఉంటే చారలు లేవు, డిమ్మర్ సగానికి దించగానే మొదలు. జనరేటర్ మీదైనా, ఇంటి కరెంటు మీదైనా అంతే.

ఫుల్‌లో పెడితే వెనకున్న నూనె దీపాల వెలుగు చచ్చిపోతోంది, ఈ సీనుకు ప్రాణం అదే. బటర్ పేపర్ కడితే వెలుగు పరుచుకుని గోడలన్నీ తెల్లబడుతున్నాయి. లైట్ వెనక్కి జరపడానికి చోటు లేదు. ఎడిటింగ్‌లో ఫ్లికర్ తీసే ప్లగిన్ వేస్తే ముఖం మైనంలా నున్నగా అయిపోతోంది. నా కెమెరాలో 1/50 తర్వాత నేరుగా 1/60, మధ్యలో ఏమీ లేవు. మళ్లీ షూటింగ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి పార్ లైట్లను డిమ్‌లో పెట్టి చారలు రాకుండా తీసినవాళ్లు షట్టర్ ఎంత పెట్టారో చెప్తారా?