మనీ ప్లాంటా, ఫిలోడెండ్రానా? ఒకేలా కనిపించే తీగమొక్కలను గుర్తించడం ఎలా?

ప్రశ్న:
మనీ ప్లాంట్ అనే పేరుతో తెచ్చుకున్న మూడు తీగమొక్కలు నా దగ్గర వేలాడే కుండీలలో పెరుగుతున్నాయి. మొదటిదాని ఆకులు దళసరిగా, పసుపు చారలతో నిగనిగలాడుతుంటాయి. రెండవదాని ఆకులు పలుచగా, పూర్తి ఆకుపచ్చగా ఉంటాయి. అయితే కొత్త ఆకు విచ్చుకున్న ప్రతి కణుపు దగ్గరా ఎండిన ఉల్లిపొర వంటి గోధుమరంగు ముక్క అంటుకొని ఉండడంతో అది తెగులేమోనని అనుమానం కలుగుతోంది. మూడవదాని ఆకులపై వెండిరంగు మచ్చలున్నాయి. ఈమధ్య ఆ ఆకులు లోపలికి చుట్టుకుంటున్నాయి. మూడింటికీ ఒకే రోజున, ఒకే కొలతలో నీళ్లు పోస్తున్నాను. ఇవన్నీ ఒకే జాతివేనా?

మొదటి జవాబు:
చారలున్నది మనీ ప్లాంట్, పూర్తి ఆకుపచ్చగా ఉన్నది ఫిలోడెండ్రాన్. రంగును బట్టి తేలికగానే చెప్పవచ్చు.

రెండవ జవాబు:
పై సమాధానం మీ కుండీల వరకు సరిపోయినా, రంగును గుర్తుగా పెట్టుకోవడం సరికాదు. చారలు లేని మనీ ప్లాంట్ రకాలూ ఉన్నాయి, బ్రెజిల్ అని పిలిచే రకంలా పసుపు చారలున్న ఫిలోడెండ్రాన్లూ ఉన్నాయి. పువ్వును చూసి తేల్చుకుందామన్నా కుదరదు; జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తగినంతగా తయారు కాకపోవడం వల్ల మనీ ప్లాంట్ దాదాపుగా పూయనే పూయదు.

నమ్మదగిన గుర్తు చిగురులోనే ఉంది. ఫిలోడెండ్రాన్ కొత్త ఆకు ఒక పలుచని తొడుగులో ఒదిగి వస్తుంది, ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు ఎండి రాలిపోతుంది. మీరు తెగులని అనుమానించినది అదే కనుక మందేమీ అవసరం లేదు, దానంతట అది ఊడేదాకా వదిలేయండి. మనీ ప్లాంట్‌లో అటువంటి విడి తొడుగు కనిపించదు; కొత్త ఆకు సన్నగా చుట్టుకొని, ముందున్న ఆకు కాడను ఆనుకొని బయటికి వస్తుంది. ఇంకా అనుమానం తీరకపోతే ఆకు కాడ పైభాగాన్ని వేలితో నిమిరి చూడండి: మనీ ప్లాంట్‌కు పొడవునా గాడి తగులుతుంది, ఫిలోడెండ్రాన్ కాడ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. కాడ కలిసేచోట ఫిలోడెండ్రాన్ ఆకుకు లోతైన నొక్కు ఉండడం వల్ల అది అచ్చంగా హృదయాకారంలో కనిపిస్తుంది.

మూడవది సిండాప్సస్ పిక్టస్ అయి ఉండాలి. దీనిని సిల్వర్ ఫిలోడెండ్రాన్ అని కూడా అమ్ముతుంటారు కాని, అది ఫిలోడెండ్రాన్ కాదు. మూడూ చేమ కుటుంబానికి చెందినవే అయినా ప్రజాతులు వేరు.

మూడవ జవాబు:
సంరక్షణ విషయానికి వస్తే, అసలు చిక్కు మూడింటికీ ఒకే రోజున నీళ్లు పోయడంలోనే ఉంది. రోజులు లెక్కపెట్టకుండా, ప్రతి కుండీలో వేలిని రెండు కణుపుల లోతు దించి, అక్కడి మట్టి ఆరినప్పుడే ఆ కుండీకి నీళ్లు పోయండి. సిండాప్సస్ ఆకులు చుట్టుకోవడం సాధారణంగా దాహానికి గుర్తు. బాగా తడిపితే తిరిగి విచ్చుకుంటాయి. అయితే మట్టి తడిగా ఉండగానే ఆకులు చుట్టుకుంటే వేర్లు కుళ్లి, నీటిని పీల్చుకోలేకపోతున్నాయేమో చూడాలి. మెత్తబడి నల్లగా మారిన వేర్లను కత్తిరించి, నీరు నిలవని మట్టిలోకి మార్చండి.

మూడింటికీ నేరుగా ఎండ తగలని మంచి వెలుతురు కావాలి. వెలుతురు చాలకపోతే మనీ ప్లాంట్ కొత్త ఆకులలో పసుపు చారలు తగ్గిపోతాయి, తీగ కణుపుల మధ్య సాగిపోయి బోసిగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. గాడి, నొక్కు రెండూ మీరు చెప్పినట్టే ఉన్నాయి. బోసిపోయిన తీగలను కత్తిరించి మూడింటినీ ఒకే కుండీలో నాటవచ్చునా?

రెండవ జవాబు ఇచ్చినవారు:
నాటవచ్చు కాని, నేనైతే నాటను. మనీ ప్లాంట్ మిగతా రెండింటినీ కమ్మేస్తుంది, సిండాప్సస్ అన్నిటికన్నా నిదానంగా పెరుగుతుంది. విడివిడిగా నాటినా, ప్రతి ముక్కకూ కనీసం ఒక కణుపు ఉండేలా, ఆ కణుపుకు కాస్త కిందుగా కత్తిరించండి. కణుపు లేని ఆకు నీటిలో చాలాకాలం పచ్చగా ఉన్నా దాని నుంచి కొత్త తీగ పుట్టదు. ఈ మూడింటిలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండడం వల్ల నమిలితే నోరు మండి వాస్తుంది కనుక, కత్తిరించిన ముక్కలను పసిపిల్లలకు, పిల్లులకు, కుక్కలకు అందనిచోట ఉంచండి.