ఆదివారం రైడ్‌లో ఇయర్‌ఫోన్లపై నిషేధం: సబబేనా?

గండిపేట బాట
మా సైకిల్ బృందంలో ఈ వారం కొత్త నిబంధన పెట్టారు. ఆదివారం రైడ్‌కు వచ్చేవారు చెవిలో ఏదీ పెట్టుకోకూడదు, పెట్టుకుంటే ఇంటికి పంపేస్తారు. ముందున్నవారు 'గుంత', 'ఆటో' అని కేకేస్తే వెనకవారికి వినపడాలి కనుక అంతవరకు నాకు అభ్యంతరం లేదు. అయితే పెద్దలు అక్కడితో ఆగలేదు. ఒంటరిగా తొక్కేటప్పుడు పాటలు వినడం కూడా ప్రాణాలతో చెలగాటమేనట! నాకు పేచీ అక్కడే. నేను తొక్కేది నార్సింగి నుంచి కొల్లూరు వైపు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు ఉన్న ట్రాక్ మీద. 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ సైకిళ్ల కోసమే వేసింది. అక్కడ నేను పాట వింటే ఎవరికి నష్టం? కారులో అద్దాలు బిగించుకుని స్పీకర్లు అదరగొట్టేవారిని ఒక్కరూ ఏమీ అనరే!

స్టీరింగు మనిషి
కారుతో పోలిక కుదరదండీ. కారుకు వెనక చూసుకునే అద్దాలు మూడు, చుట్టూ ఇనుము. మీకున్నది చొక్కా.

నేను సిటీ బస్సు నడుపుతాను. నా సీట్లోంచి కనిపించేది చెబుతాను. ముందు సైకిల్ వెళ్తుంటే చిన్నగా ఒక్క హారన్ కొడతాను. విన్న మనిషి వెనక్కి తిరగనక్కర్లేదు. భుజం కాస్త కదులుతుంది, లేదంటే పెడల్ ఒక్క క్షణం ఆగుతుంది, లేదంటే ముందు చక్రం జానెడు ఎడమకు జరుగుతుంది. నా రాక అతనికి తెలిసిందని నాకు అర్థమవుతుంది, దాటుకుని పోతాను. చెవులు మూసుకున్నవారిలో ఆ కదలిక ఉండదు. మళ్లీ కొట్టాలి, గట్టిగా కొట్టాలి. అప్పుడు ఉలిక్కిపడి అటో ఇటో ఊగుతారు. నాకు గుండె జారేది ఆ ఊగడం చూసినప్పుడే. పైగా ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. పాత డీజిల్ బస్సు వస్తోందంటే పక్క వీధికి కూడా తెలిసేది, ఇవి పక్కకు వచ్చేదాకా తెలియవు.

రాత్రి రైడర్
డ్రైవరు గారి మాట సిటీకి సరిపోతుంది. హైవే సంగతి వేరు. అక్కడ వెనక ఎప్పుడూ ఏదో ఒక బండి చప్పుడు ఉంటూనే ఉంటుంది. వాటిలో నన్ను గుద్దబోయేది ఏదో చెవి చెప్పగలదా? చెప్పినా ఆ రెండు సెకన్లలో నేను చేసేదేముంది? నన్ను కాపాడేవి వెనక ఎర్ర లైటు, ఒంటిమీద మెరిసే జాకెట్.

నేను బీఆర్‌ఎంలు చేస్తాను. తెలియనివారి కోసం: ఇన్ని గంటల్లో ముగించాలని గడువు ఉండే దూరపు రైడ్లు, 600 కిలోమీటర్లదైతే 40 గంటలు. విజయవాడ హైవే మీద రెండో రాత్రి మూడు గంటలకు అసలు శత్రువు నిద్రే. కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు అంచున తెల్లగీత మాత్రం రెండుగా కనిపిస్తుంటుంది. అప్పుడు చెవిలో ఎవరో కబుర్లు చెబుతుంటే మెలకువగా ఉంటాను. నా వరకు ఇయర్‌ఫోను భద్రతా పరికరమే.

పాత హీరో
గీత రెండుగా కనిపించాక వినాల్సింది కబుర్లు కాదు నాయనా, ధాబాలో నులకమంచం ఎక్కి ఓ అరగంట పడుకోవాలి.

ఆమ్‌స్టర్‌డామ్ తెలుగు
నేనుండే చోట అడుగడుగునా సైకిళ్లే. చెవిలో ఏదో ఒకటి పెట్టుకుని తొక్కేవారు కోకొల్లలు, చట్టం అడ్డు చెప్పదు. ఫోను చేత్తో పట్టుకుంటే మాత్రం 2019 జులై నుంచి జరిమానా. ఫ్రాన్స్ అయితే 2015లోనే సైకిల్ మీద ఇయర్‌ఫోన్లను నిషేధించింది, దొరికితే 135 యూరోలు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక్క చెవికి అనుమతి ఉంది. ఇలా తలో దారి. మన మోటారు వాహనాల చట్టం లెక్కలో సైకిల్ మోటారు వాహనం కాదు.

ఇక్కడి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం వారు సైకిల్ తొక్కేవారికి పాటలు వినిపించి 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎక్కువ శబ్దం, వేగవంతమైన పాట, అన్నిటికన్నా ముఖ్యంగా చెవి రంధ్రంలోకి దిగిపోయే రకం ఇయర్‌ఫోన్లు పెట్టినప్పుడు బయటి శబ్దాలు గుర్తించడం తగ్గింది. మామూలు ఇయర్‌ఫోను ఒక్క చెవికే పెట్టినప్పుడు ఆ ఇబ్బంది కనిపించలేదు. నిజానికి ఇక్కడివారిని కాపాడేది చెవులు కావు, విడిగా ఉన్న సైకిల్ దారి. దాన్ని మరిచి 'అక్కడ వింటారు కదా' అంటే ఒప్పుకోను.

గండిపేట బాట
నేనన్నదీ అదే కదండీ! నా ట్రాక్ కూడా విడిగా ఉన్నదే.

శ్రవణం
నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. పరికరాల గురించి రెండు మాటలు. శబ్దాన్ని అణిచే హెడ్‌ఫోన్లు బాగా అణిచేది ఎడతెగని మంద్రమైన మోతను, అంటే ఇంజను, టైర్ల హోరును. సరిగ్గా మీకు కావలసినదాన్నే! హారన్ కొంత వినిపిస్తుంది కనుక అంతా వింటున్నామనే భ్రమలో ఉంటారు. చెవి దగ్గరి ఎముక ద్వారా వినిపించే రకం నయం, చెవి రంధ్రం తెరిచి ఉంటుంది. అయితే పాటైనా హారనైనా చివరికి చేరేది చెవి లోపల శబ్దాన్ని గ్రహించే అదే కాక్లియాకు. పాట పెద్దదైతే అక్కడ చిన్న చప్పుడు మునిగిపోతుంది. ఒక్క చెవి తెరిచి ఉంచితే శబ్దం తెలుస్తుంది, అది ఏ వైపు నుంచో పసిగట్టడం తగ్గుతుంది. దిశ తేల్చడానికి మెదడుకు రెండు చెవులూ కావాలి. ఇక వేగం పెరిగేకొద్దీ చెవుల్లో గాలి హోరు, దాన్ని మించి వినపడాలని ఇంకాస్త శబ్దం పెంచుతారు.

రాత్రి రైడర్
డాక్టరు గారూ, వినికిడి లేనివారికీ మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు ఇస్తున్నారు. వారు సైకిళ్లూ తొక్కుతున్నారు. మరి వారి సంగతి?

శ్రవణం
పుట్టుకతో వినికిడి లేని మనిషికి చూపే చెవి. క్షణక్షణం చుట్టూ చూడటం వారికి చిన్నప్పటి నుంచీ అలవాటు. గంటసేపు చెవులు మూసుకున్న మీకు ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

పాత హీరో
ఇందాకటి నుంచి అందరూ వెనక నుంచి గుద్దడం గురించే మాట్లాడుతున్నారు. గుంటూరులో రోజూ సైకిల్ మీదే ఉద్యోగానికి వెళ్లేవాణ్ని. తిన్నగా పోతున్నప్పుడు చెవులతో పెద్దగా పని లేదు, రాత్రి రైడర్ గారు అన్నది నిజమే. పని పడేది పక్కకు జరిగేటప్పుడు. ముందు మ్యాన్‌హోల్ మూత కుంగి ఉంటుంది, లేదా ఆగి ఉన్న ఆటో ఉంటుంది. దాన్ని తప్పించాలంటే రెండడుగులు కుడికి రావాలి. వెనక బండి చప్పుడు ఉంటే ఆగుతాం, లేకపోతే జరుగుతాం. ఈ లెక్క చెవి మనకు తెలియకుండానే వేస్తుంది. పాట పెట్టుకున్నవారు ఆ లెక్క లేకుండా జరిగిపోతారు. మన రోడ్ల మీద గుంతలు ఎన్ని ఉంటే అన్నిసార్లు. తల తిప్పి చూసి మరీ జరిగేవారు ఏమైనా వినండి, నాకేం అభ్యంతరం లేదు. అలా చూసేవారు నాకైతే అరుదుగానే కనిపించారు.

ఇంకో మాట. డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్ చొక్కా జేబులో చిన్న ఫోను, అందులో రేడియో. చెవులు రెండూ ఖాళీ. వెనకున్న నాకూ పాట వినిపిస్తుంది, అదొక్కటే ఇబ్బంది. వేలకు వేలు పోసి కొన్న పరికరాలకన్నా ఆ ఏర్పాటే మేలు.

స్టీరింగు మనిషి
ఆ రెండడుగులు కుడికి రావడమే, నేను ఊగడం అన్నది. ఒక్క చెవిలోనే పెట్టుకుంటామంటే ఎడమ చెవిలో పెట్టుకోండి. మేం దాటేది కుడివైపు నుంచి.

గండిపేట బాట
ట్రాక్ విషయంలో నా మాట మీదే ఉన్నాను. బృందం నిబంధన ట్రాక్ దాకా రానక్కర్లేదు. రోడ్డు మీద మాత్రం కుడి చెవి ఖాళీగా ఉంచి, అద్దం పెట్టుకుంటాను. వంపు తిరిగిన హ్యాండిల్‌కు అద్దం ఎలా బిగిస్తారు?

రాత్రి రైడర్
హ్యాండిల్ చివరి బిరడా తీసి అక్కడ దూర్చే రకం దొరుకుతుంది. కుడివైపు బిగించండి. ఇక ట్రాక్ అంటారా, మొన్న అక్కడే ఒకాయన వెనక ఎంతసేపు బెల్లు కొట్టినా జరగలేదు, చివరికి గడ్డి మీదికి దిగి దాటాను. అది మీరు కాదు కదా?