డేటా అంతా ర్యామ్‌లోనే ఉన్నప్పుడు రెడిస్‌తో లాభమేంది?

ప్రశ్న (కర్నూలు): ఉల్లి యార్డులో లాట్ నంబరు కొడితే వేలం పాట ధర బోర్డు మీద పడే ప్రోగ్రాం. డేటా 3 జీబీ, సర్వర్‌లో ర్యామ్ 16 జీబీ. వాడేది డిస్కులో డేటా పెట్టే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్; దాని షేర్డ్ బఫర్స్ (డిస్కు పేజీలను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 4 జీబీకి పెంచినాను, డిస్కు చదవడం దాదాపు లేదు. ఇంక డేటా అంతా ర్యామ్‌లోనే పెట్టుకునే రెడిస్ ఎందుకు? వేగం ర్యామ్‌దే కదా?

జవాబు (అనంతపురం): ర్యామ్‌ది సగం మాటే అన్నా. పోస్ట్‌గ్రెస్ లాంటి డిస్కు డేటాబేస్, పేజీ (డేటా ముక్క) ఎప్పుడైనా ర్యామ్ నుంచి బయటికి పోవచ్చని పనిచేస్తుంది. అది ర్యామ్‌లో ఉన్నా ఆ తతంగం తప్పదు. ఒక్క లాట్ వెతకడం చూడు: ఎస్‌క్యూఎల్ ప్రశ్నను విడదీసి ప్లాన్ వేయాల, ఇండెక్స్‌లో రెండు మూడు మెట్లు దిగాల. ప్రతి మెట్టులో ఆ 8 కేబీ పేజీ బఫర్‌లో ఎక్కడుందో హ్యాష్ పట్టికలో (ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక) వెతకాల, బయటికి పోకుండా పిన్ చేయాల, చదివేటప్పుడు ఎవరూ మార్చకుండా లాచ్ (చిన్న తాళం) పట్టాల, చదివి వదలాల. రో దొరికినాక అది నీ ట్రాన్సాక్షన్‌కు కనబడాల్సిన వెర్షనేనా అని ఇంకో తనిఖీ.

రెడిస్ కీకి (ఇక్కడ లాట్ నంబరు) హ్యాష్ కట్టి, పాయింటర్ (విలువ ఉన్న చోటు గుర్తు) పట్టుకొని నేరుగా విలువ దగ్గరికి పోతుంది. ఆదేశాలన్నీ ఒకే థ్రెడ్‌లో వరుసగా నడుస్తాయి గాబట్టి లాకుల గొడవే లేదు. 2008లో డేటాబేస్ పరిశోధకుడు స్టోన్‌బ్రేకర్ బృందం డేటా మొత్తం ర్యామ్‌లో పెట్టి కొలిచింది. బఫర్, లాక్, లాచ్, లాగ్ (మార్పుల చిట్టా) పనులే సీపీయూను ఎక్కువగా తింటున్నాయని తేలింది.

జవాబు (కడప): పైది చదవడం గురించి. రాసేటప్పుడు తేడా ఇంకా పెద్దది: పోస్ట్‌గ్రెస్ ప్రతి కమిట్‌కూ (మార్పును ఖాయం చేసేటప్పుడు) లాగ్ డిస్కుకు చేరేదాకా ఆగుతుంది. రెడిస్ ఏఓఎఫ్‌ను (రాతల చిట్టా ఫైలు) ‘ఎవ్రీసెక్’లో పెడితే సెకనుకోసారే డిస్కుకు దింపుతుంది. ఆ మధ్యలో కరెంటు పోతే ఆ సెకను పాటలు పోయినట్టే. ‘ఆల్వేస్’ (ప్రతి రాతకూ) పెడితే అదీ డిస్కు కోసం ఆగాల్సిందే. రైతుకు డబ్బు కట్టే లెక్క పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంచండి, బోర్డుకు మాత్రం రెడిస్.

జవాబు (అనంతపురం): ఇంకో మాట. బోర్డు 200 లాట్లను ఒక్కొక్కటిగా ‘గెట్’ చేస్తే, రానూపోనూ 0.5 మిల్లీసెకన్ల లెక్కన 100 మిల్లీసెకన్లు నెట్‌వర్క్‌కే పోతాయి. ‘ఎంగెట్’తో అన్నీ ఒక్కసారే అడుగు. కీలన్నిటినీ ఒకే దెబ్బకు వెతికే ‘కీస్’ అసలు వాడొద్దు. థ్రెడ్ ఒకటే గాబట్టి అది ముగిసేదాకా అందరూ ఆగాల. కొంచెం కొంచెంగా వెతికే ‘స్కాన్’ వాడు.

ప్రశ్న (కర్నూలు): రెడిస్ పడి లేస్తే బోర్డు ఖాళీ కాదా?

జవాబు (కడప): కీ దొరక్కపోతే పోస్ట్‌గ్రెస్‌ను అడిగి రెడిస్‌లో వేసేలా కోడ్ రాయండి. ‘మాక్స్‌మెమరీ’ (రెడిస్ వాడే మెమరీకి హద్దు) కూడా పెట్టండి, కానీ ర్యామ్ అంచుదాకా వద్దు. స్నాప్‌షాట్‌కు (డేటా మొత్తాన్ని డిస్కులో దాచడానికి) ఫోర్క్ అయినప్పుడు (రెడిస్ తన నకలు ప్రాసెస్‌ను పుట్టించినప్పుడు) రాతలు ఎక్కువుంటే మెమరీ దాదాపు రెండింతలు కావచ్చు.